ఏకాండి వీణ – ఆదిభట్ల నారాయణదాసు

కళింగాంధ్ర చరిత్ర అనగానే ముందుగా స్ఫురించేది బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24న విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ సహాయంతో బొబ్బిలి కోటను ముట్టడించాడు. ఆనాడు రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయునికి వార్త సకాలంలో అందలేదు. అతడు వచ్చేసరికి కోట బూడిదయింది. పాపారాయుడు శత్రువుల గుడారంలో ప్రవేశించి విజయరామరాజును సంహరించి పగ తీర్చుకొన్న వృత్తాంతాన్ని బుర్రకథలు ఊరూరా చాటాయి. అందువల్ల రాజాం, బొబ్బిలి, విజయనగరం అనే మూడు పేర్లు వినగానే తెలుగువారి చెవులలో కత్తుల ఖణఖణలు మోగుతాయి.

అయితే అదే నేలపై మరొక నాదం కూడా పుట్టింది. అది వీణానాదం. కత్తి విడదీసిన బొబ్బిలిని, విజయనగరాన్ని కాలక్రమంలో సంగీతం కలిపింది. బొబ్బిలిలో వీణ నేర్చి, విజయనగరంలో వెలిగి, తెలుగునాట హరికథ అనే కళకు పితామహుడనిపించుకొన్న శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు జీవితమే అందుకు నిదర్శనం. ఆయన ప్రతిభను గ్రహించాలంటే ముందుగా ఆ ప్రాంతపు వీణను గురించి కొంత తెలుసుకోవాలి.

బొబ్బిలి పట్టణాన్ని ఆనుకొని గొల్లపల్లి అనే గ్రామం ఉంది. సర్వసిద్ధి వారి ఇంటిపేరుగల శిల్పులు తరతరాలుగా అక్కడ వీణలు చేస్తున్నారు. సాధారణంగా వీణను కుండ, దండి మొదలైన భాగాలుగా వేరువేరుగా చేసి అతుకుతారు. బొబ్బిలి వీణ ప్రత్యేకత వేరు. బాగా ముదిరిన పనస మాను నుండి తీసిన ఒకే దుంగను తొలిచి కుండను, దండిని, మెడను మలుస్తారు. ఎక్కడా అతుకు ఉండదు. అందుకే దానిని ఏకాండి వీణ అంటారు. పనసకర్ర తేలికైనది, తేమకు, ఎండకు తొందరగా వంగనిది, నాదాన్ని చక్కగా నిలుపుకోగలది. కర్ర ఎంత మంచిదైనా శిల్పి చేయి ఒక్కచోట తప్పిందంటే దుంగ అంతా వ్యర్థమవుతుంది. అతికే వీణలో ఒక భాగం చెడితే మరొకటి చేసుకోవచ్చు. ఏకాండి వీణలో ఆ వెసులుబాటు లేదు.

కర్రపని పూర్తయినంత మాత్రాన వీణ పలకదు. దండిపై నల్లని మైనం పరచి, దానిలో 24 కంచు మెట్లను నిలపాలి. దీనినే మేళం కట్టడం అంటారు. మెట్టు ఒక వెంట్రుకవాసి జరిగినా స్వరం అపస్వరమవుతుంది. కొలబద్ద కొంతవరకే తోడ్పడుతుంది; ఆపైన శిల్పి చెవే ప్రమాణం. నాలుగు వాయింపు తీగలు, మూడు తాళపు తీగలు బిగించి, బిరడాలు తిప్పి శ్రుతి చేసిన తరువాతనే ఆ కర్రకు వీణ అనే పేరు సార్థకమవుతుంది. వీణ చేయించుకొన్నవారు దానిని తీసుకొని వెళ్ళడానికి శిల్పి పనిశాలకు వచ్చినపుడు ముందుగా నగిషీని చూడరు, మీటి వింటారు. శిల్పి కూడా వారి ముఖం వంక చూస్తాడు. ఆ క్షణంలో ఇద్దరి శ్రమకూ పరీక్ష జరుగుతుంది. అంతటితో శిల్పి బాధ్యత తీరుతుంది; వాదకుని బాధ్యత మొదలవుతుంది. గురువు లేని ఇంటికి చేరిన వీణ గోడవార అలంకారంగా మిగిలిపోతుంది. మంచి గురువు దొరికిన వీణ తరాలపాటు పలుకుతుంది. వాద్యానికి వర్తించే ఈ సత్యం మనిషికీ వర్తిస్తుంది.

నారాయణదాసు 1864 ఆగస్టు 31న బొబ్బిలికి సమీపంలోని అజ్జాడ గ్రామంలో జన్మించారు. ఆనాటి విశాఖపట్టణం జిల్లాలోని ఆ గ్రామం 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన వల్ల పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తల్లి నరసమ్మ, తండ్రి వేంకటచయనులు. తల్లిదండ్రులు ఆయనకు పెట్టిన పేరు సూర్యనారాయణ. తండ్రి పండితుడు కావడం వల్ల ఆ ఇంట పురాణ పఠనం నిత్యకృత్యంగా ఉండేది. ఐశ్వర్యం లేకపోయినా విద్యకు లోటులేని ఇల్లది. చదవడం పూర్తిగా రాకముందే బాలుడు విన్న పద్యాలను విన్నట్లే అప్పగించేవాడు.

ఆయన బాల్యాన్ని గురించి ఒక ముచ్చట ప్రసిద్ధంగా ఉంది. సుమారు ఐదేళ్ళ వయసులో తల్లి వెంట వెళ్ళిన బాలుడు ఒక పుస్తకాల దుకాణంలో పోతన భాగవతాన్ని చూసి అది కావాలని మారాం చేశాడట. అంత చిన్నవానికి అంత పెద్ద గ్రంథమెందుకని దుకాణదారు నవ్వగా, బాలుడు భాగవత పద్యాలను గడగడా చదివి వినిపించాడట. ఆశ్చర్యపోయిన ఆ వర్తకుడు పుస్తకాన్ని ఉచితంగా ఇచ్చి పంపాడట. ఆ పుస్తకంలోని ధ్రువుడు, గజేంద్రుడు, అంబరీషుడు తరువాతి కాలంలో ఆయన హరికథలకు నాయకులయ్యారు.

మనుమని ప్రతిభ తెలిసిన మాతామహి అతనిని బొబ్బిలికి తీసుకొని వెళ్ళింది. బొబ్బిలి సంస్థానంలో వాసా సాంబయ్య ప్రసిద్ధ వైణిక విద్వాంసుడు. బాలుడు ఆయన వద్ద శిష్యుడుగా చేరాడు. ఒక వృద్ధురాలు తీసుకొన్న ఆ నిర్ణయం చిన్నదిగా కనిపిస్తుంది గాని, తెలుగువారి సంగీత చరిత్రలో దాని ఫలితం చాలా పెద్దది. అజ్జాడలోనే ఉండిపోతే ఆ బాలుడు మంచి పౌరాణికుడై ఉండేవాడేమో. బొబ్బిలికి వెళ్ళడం వల్ల వాక్కుకు నాదం తోడైంది.

వీణ సాధకునికి ఓర్పు నేర్పే వాద్యం. గొంతుతో పాడేవాడు తన పొరపాటును వేగంలో దాచుకోవచ్చు. వీణపై అది సాధ్యం కాదు. ఎడమచేతి వేలు మెట్టుపై తీగను లాగి గమకాన్ని పలికిస్తూ ఉంటే, కుడిచేతి వేళ్ళు ఒకవైపు మీటుతూ మరొకవైపు తాళపు తీగలను కదిలిస్తూ ఉండాలి. రెండు చేతులు రెండు పనులు చేస్తూ ఒకే నాదాన్ని సృష్టించాలి. అనంతర కాలంలో నారాయణదాసు చూపిన స్వరజ్ఞానానికి, లయజ్ఞానానికి ఈ బాల్యశిక్షణ పునాది అని చెప్పవచ్చు. ఆయన లోకానికి గాయకుడుగా, కథకుడుగా ఎక్కువగా తెలిసినా వీణావాదనలోనూ ప్రవీణుడే.

కొంతకాలానికి విజయనగరంలో న్యాయవాద వృత్తిలో ఉన్న అన్నగారు తమ్ముని అక్కడికి పిలిపించుకొని ఇంగ్లీషు చదువులో చేర్పించారు. ఆనాటి విజయనగరం విద్యలకు నిలయం. ఆనందగజపతి ప్రభువు స్వయంగా సంగీత సాహిత్య రసికుడు. గురజాడ అప్పారావు వంటి మేధావులు ఆయన ఆదరణ పొందారు. సంస్కృత పండితులు, వైణికులు, ఆంగ్లవిద్యావేత్తలు ఒకే నగరంలో నివసించేవారు. బొబ్బిలి వీణతో చెవిని దిద్దుకొన్న యువకునికి ఇక్కడ దృష్టి విశాలమైంది. పగలు పాఠశాలలో ఆంగ్ల గ్రంథాలు, సాయంకాలం భజన గోష్ఠులు అన్నట్లుగా ఆయన విద్యార్థి జీవితం సాగింది.

1883వ సంవత్సరం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. చెన్నపట్టణం నుండి కుప్పుస్వామి నాయుడు అనే భాగవతారు విజయనగరానికి వచ్చి హరికథ చెప్పారు. ఒక్క మనిషి నిలబడి కథ చెబుతూ, పాడుతూ, అభినయిస్తూ సభను గంటల తరబడి కట్టిపడవేయడం చూసి సూర్యనారాయణ ముగ్ధుడయ్యాడు. తనకు తెలిసిన పురాణం, సంగీతం, కవిత్వం మూడూ కలిసే చోటు అదేనని గుర్తించాడు. వెంటనే ధ్రువ చరిత్రను హరికథగా రచించి, అదే సంవత్సరంలో విజయనగరంలోని వేణుగోపాలస్వామి ఆలయంలో గానం చేశాడు. అప్పటికి ఆయన వయసు 19 సంవత్సరాలు. సూర్యనారాయణ నారాయణదాసు అయ్యాడు.

ఈ నిర్ణయం సులభమైనది కాదు. ఇంగ్లీషు చదివిన యువకునికి ఆ రోజులలో కచేరీలో కొలువు, నెలకు స్థిరమైన జీతం, సంఘంలో గౌరవం లభించేవి. కథలు చెప్పుకొంటూ ఊళ్ళు తిరిగే వృత్తిలో రేపటి భోజనానికి హామీ లేదు. కాళ్ళకు గజ్జెలు కట్టి సభలో చిందులు వేయడం పండిత కుటుంబాలవారు చేయవలసిన పని కాదని తలచేవారూ ఉన్నారు. నారాయణదాసు ఆ సంకోచాన్ని పక్కన పెట్టారు. తాను గజ్జె కట్టడం వల్ల తన పాండిత్యం తగ్గదని, తన పాండిత్యం వల్ల గజ్జెకు గౌరవం పెరుగుతుందని ఆయన జీవితాచరణతో నిరూపించారు.

హరికథ అంతకుముందు లేనిది కాదు. మహారాష్ట్ర కీర్తన సంప్రదాయం తంజావూరు మీదుగా దక్షిణదేశంలో వ్యాపించి కథాకాలక్షేపంగా రూపొందింది. దానికి తెలుగు రూపం కల్పించినవారు నారాయణదాసు. సాధారణంగా కథకులు ఇతరుల కీర్తనలను, పద్యాలను ఏరి తమ కథలో కూర్చుకొనేవారు. నారాయణదాసు హరికథలో వచనం, పద్యం, కీర్తన, రాగం, తాళం అన్నీ ఆయన స్వయంగా కల్పించుకొన్నవే. రచించినవాడే పాడుతాడు, పాడినవాడే నర్తిస్తాడు, నర్తించినవాడే చేతిలోని చిరతలతో తాళం వేస్తాడు. వేరువేరు ముక్కలను తెచ్చి అతికిన కళ కాదది. గొల్లపల్లి శిల్పి ఒకే దుంగ నుండి వీణను తొలిచినట్లుగా ఆయన సాహిత్య సంగీత నృత్యాలను ఒకే ప్రతిభ నుండి మలిచారు. అందుకే ఆయన కళను ఏకాండి కళ అనడం సముచితం.

అంబరీష చరిత్ర, గజేంద్ర మోక్షణం, రుక్మిణీ కల్యాణం, సావిత్రీ చరిత్ర, భీష్మ చరిత్ర, జానకీ శపథం, యథార్థ రామాయణం మొదలైన హరికథలు ఆయనకు అఖండ కీర్తి తెచ్చాయి. గంజాం మండలం మొదలుకొని గోదావరి, కృష్ణా తీరాల వరకు, అక్కడి నుండి చెన్నపట్టణం, మైసూరు వరకు ఆయన గళం వినిపించింది. మైకులు లేని ఆ కాలంలో వేలాది జనం కూర్చున్న పందిరి చివరివరకు వినబడే కంఠం ఆయనది. పామరుడు కథ విని ఆనందించేవాడు. పండితుడు శ్లేషను, ఛందస్సును గమనించేవాడు. విద్వాంసుడు రాగ విస్తారాన్ని ఆస్వాదించేవాడు. ఒకే ప్రదర్శనలో ముగ్గురికీ మూడు విధాలైన తృప్తి కలిగేది.

లయలో ఆయన శక్తి అసామాన్యం. రెండు చేతులతో, రెండు పాదాలతో, శిరస్సుతో ఐదు వేరువేరు తాళాలను ఏకకాలంలో నిర్వహించి చూపేవారని ప్రసిద్ధి. అందువల్ల పంచముఖి అనే ఖ్యాతి ఆయనకు లభించింది. 90 రాగాలను ఒకే కృతిలో పొదిగి దశవిధరాగ నవతి కుసుమ మంజరిని రచించారు. అయితే ఇటువంటి విద్యలను ఆయన కేవలం వింతగా ప్రదర్శించలేదు. లయ కథకు వాహనమే గాని కథ లయకు బానిస కాదని ఆయన రచనలు తెలుపుతాయి.

రాజాస్థానాలు ఆయనను సన్మానించాయి. అయినా ఆయన స్వతంత్రుడు. పొరుగు సంస్థానాల ప్రలోభాలకన్న తాను పుట్టి పెరిగిన ప్రాంతమే ఆయనకు ప్రియమైనది. యౌవనంలో తనకు గల చపలత్వాన్ని సైతం దాచుకోకుండా నా యెరుక అనే స్వీయచరిత్రలో రాసుకొన్నారు. తన జీవితంలోని తొలి మూడు దశకాలను మాత్రమే అందులో ఆయన చిత్రించారు. గొప్పవారు తమ లోపాలను చెప్పుకోవడం అరుదు. అందువల్లనే ఆ గ్రంథానికి విలువ హెచ్చు.

నారాయణదాసు బహుభాషావేత్త. తెలుగు, సంస్కృతాలతో పాటు ఇంగ్లీషు, పారశీక భాషలను అధ్యయనం చేశారు. కాళిదాసు, షేక్స్‌పియరుల రచనల నుండి నవరసాలకు ఉదాహరణలను ఎన్నుకొని, పక్కపక్కన నిలిపి నవరస తరంగిణిని సంతరించారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలం నుండి, ఫిట్జ్‌గెరాల్డ్ ఆంగ్లానువాదం నుండి సంస్కృతంలోనికి, అచ్చతెలుగులోనికి తెచ్చిన సాహసం ఆయనదే. సంస్కృతంలో హరికథామృతం రచించిన పండితుడే, సంస్కృత పదం ఒక్కటైనా లేకుండా అచ్చతెలుగులో గౌరప్ప పెండ్లి అనే హరికథను చెప్పారు. తెలుగు మాటకు ఎంత శక్తి ఉందో పరీక్షించి చూడాలనే పట్టుదల ఆయన రచనలన్నింటిలో కనబడుతుంది.

ఆయన జీవితంలో మరొక ముఖ్య ఘట్టం 1919లో ఆరంభమైంది. విజయనగరం ప్రభువు విజయరామగజపతి ఆ సంవత్సరం శ్రీ విజయరామ గానపాఠశాలను స్థాపించారు. దాని వెనుక హృదయాన్ని కదిలించే కథ ఒకటి చెబుతారు. కోటలోని ఒక ఉద్యోగి కుమారునికి చూపు లేదు. కాని సంగీతంపై మక్కువ ఉంది. ఆ బాలునికి సంగీతం చెప్పించే ఏర్పాటు చేయవలసివచ్చినపుడు, ఒక్కనికి మాత్రమే ఉపకారం చేయడం కన్న అందరికీ ఉపయోగపడే పాఠశాలను నెలకొల్పడం మేలని ప్రభువు తలచారట. అంతకుముందు సంగీతం గురువు ఇంటిలో, రాజాస్థానంలో, ఆలయంలో మాత్రమే లభించేది. గురువు అనుగ్రహించినవారికే విద్య. పాఠశాల ఆ పరిమితిని సడలించింది. ఆ సంస్థకు ప్రథమాధ్యక్షులుగా నారాయణదాసును ప్రభువు నియమించారు.

కొత్త పాఠశాలకు చేరిన యువకులలో ద్వారం వేంకటస్వామి నాయుడు ఒకరు. 1893లో జన్మించిన ఆయనకు చిన్నతనం నుండి చూపు మందం. నల్లబల్లపై అక్షరాలు కనబడక బడి చదువు ఆగిపోయింది. అన్నగారి వద్ద వయొలిన్ నేర్చి, విద్యను ఇంకా పెంచుకోవాలనే కోరికతో విద్యార్థిగా చేరడానికి విజయనగరం వచ్చారు. నారాయణదాసు ఆయన వాదనం విన్నారు. విన్న తరువాత ఆయనను విద్యార్థిగా చేర్చుకోలేదు. వయొలిన్ అధ్యాపకునిగా నియమించారు. అప్పటికి ద్వారం వారి వయసు సుమారు 26 సంవత్సరాలు. పట్టాలు లేవు, పెద్దపేరు లేదు. నారాయణదాసు పరిశీలించినది నాదాన్ని మాత్రమే. పనిశాలకు వచ్చిన వైణికుడు నగిషీని పక్కన పెట్టి మీటి విన్నట్లుగానే ఆయన ఆ యువకుని గుర్తించారు. ఆ నిర్ణయం ఎంత సరియైనదో అనంతర చరిత్ర తెలిపింది. ద్వారం వారు దేశం మెచ్చిన వయొలిన్ విద్వాంసులై 1941లో సంగీత కళానిధి బిరుదును, 1957లో పద్మశ్రీని పొందారు.

1936 వరకు 17 సంవత్సరాలు నారాయణదాసు పాఠశాలకు అధ్యక్షత వహించారు. ఆయన తరువాత ఆ బాధ్యతను ద్వారం వారే స్వీకరించారు. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం నేర్పే ఆ విద్యాలయంలో ఆ తరువాతి కాలంలో ఘంటసాల వేంకటేశ్వరరావు, పి. సుశీల వంటివారు శిక్షణ పొందారు. తెలుగువారి ఇళ్ళలో ప్రతిదినం వినిపించే ఎన్నో పాటల వెనుక ఆ పాఠశాల నేర్పిన శ్రుతిశుద్ధి ఉంది. 1945 జనవరి 2న నారాయణదాసు తన 81వ ఏట విజయనగరంలో కన్నుమూశారు.

1757లో రాజాం నుండి బొబ్బిలికి పాపారాయుడు వచ్చినప్పటికి కోట మిగలలేదు. ఆ తరువాత 100 సంవత్సరాలు దాటాక అదే బొబ్బిలిలో ఒక బాలుడు వీణ నేర్చి విజయనగరం చేరాడు. పూర్వం శత్రువులైన ఆ రెండు సంస్థానాలలో ఒకటి అతనికి నాదాన్ని ఇచ్చింది. రెండవది అతనికి సభను ఇచ్చింది. కోటలు, గుడారాలు కాలగర్భంలో కలిశాయి. వీణ మిగిలింది, హరికథ మిగిలింది, గానపాఠశాల మిగిలింది.

అయితే మిగిలినవి వాటంతట అవే నిలవవు. గొల్లపల్లిలో ఉలి ఆడాలంటే ఆ వీణను అందుకొని నేర్చుకొనే చేతులు కావాలి. ఆ చేతులకు దారి చూపే గురువు కావాలి. నేర్చిన విద్యను గౌరవంగా వినే సమాజం కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పనసదుంగ దుంగగానే ఉండిపోతుంది. తన మనుమని వేలు పట్టుకొని బొబ్బిలికి నడిపించిన మాతామహి, విద్య గరపిన వాసా సాంబయ్య, పాఠశాల స్థాపించిన ప్రభువు, చూపు మందమైన యువకునిలో నాదాన్ని చూసిన నారాయణదాసు – వీరందరూ ఆ గొలుసులోని కడియాలే. ఆ గొలుసు తెగకుండా చూడటం తరువాతి తరాల వంతు.